రెండు ఆఫర్లకీ 7.2 వచ్చింది, ఇప్పుడేం చెయ్యాలి: జీతం, కల్చర్, గ్రోత్ లెక్క

మొన్న రాత్రి మా బాబాయ్ కొడుకు ఒక ఎక్సెల్ షీట్ పంపాడు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ వాడిది, చేతిలో రెండు ఆఫర్లున్నాయి. షీట్‌లో మూడు కాలమ్‌లు పెట్టాడు, జీతానికి 40 శాతం వెయిటేజ్, వర్క్ కల్చర్‌కి 30, కెరీర్ గ్రోత్‌కి 30. మొదటి కంపెనీకి జీతంలో పదికి 9 వేశాడు, కల్చర్‌కి 6, గ్రోత్‌కి 6. రెండోదానికి జీతంలో 6, మిగతా రెండిట్లో ఎనిమిదేసి. గుణించి కూడితే రెండిటికీ సరిగ్గా 7.2 వచ్చింది. "టై అయింది అన్నా, ఇప్పుడేం చెయ్యాలి" అని కింద మెసేజ్.

జీతానికి వేసిన 9 ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తూనే ఉంది, ఆఫర్ లెటర్‌లో అంకె ఉంది కదా. మరి ఆ రెండో కంపెనీ కల్చర్‌కి 8 ఎలా వేశావురా అని అడిగా. ఇంటర్వ్యూ చేసినాయన బాగా మాట్లాడాడట, వాళ్ల వెబ్‌సైట్‌లో వాల్యూస్ పేజీ బాగుందట. గ్రోత్‌కి 8 ఏంటి మరి? "స్టార్టప్ కదా అన్నా, గ్రోత్ ఉంటుంది." అదీ సంగతి. ఒక కాలమ్‌లో లెక్క ఉంది, మిగతా రెండు కాలమ్‌లలో ఆశ ఉంది, మూడిటినీ కలిపి కూడేశాడు. వాణ్ణని ఏం లాభం, నేనూ రెండు సార్లు ఇలాగే కూడి మారాను.

అసలు చిక్కేంటంటే ఈ మూడూ ఒకే రోజు కనపడవు. జీతం చేరకముందే తెలుస్తుంది. కల్చర్ చేరాక రెండు మూడు నెలలకి, అంటే మొదటిసారి మీ చేతిలో ఏదో ఒకటి పగిలినప్పుడు తెలుస్తుంది. గ్రోత్ సంగతి రెండేళ్లు పోయాక, అది కూడా బయట ఇంకో ఇంటర్వ్యూలో కూర్చుని నోరు తడారినప్పుడు గానీ తెలీదు. మనమేమో మూడిటికీ ఒకే సాయంత్రం మార్కులు వేస్తాం, ముందు కనపడేదానికి ఎక్కువ వేస్తాం. ఇంకోటి, షీట్‌లో ఇవి పక్క పక్క గళ్లలో ఉంటాయి గానీ ఆఫీసులో ఒకదాన్ని ఒకటి తింటూనో పెంచుతూనో ఉంటాయి. కల్చర్ చెడితే జీతం తగ్గుతుంది (ఎలాగో చెప్తా), గ్రోత్ ఆగితే నాలుగేళ్ల తర్వాత జీతం ఆగుతుంది.

ముందు జీతం చూద్దాం. అంకె కదా తేలికే అనుకుంటాం, బోలెడు మెలికలున్నది ఇందులోనే. ఆఫర్‌లో పెద్దక్షరాలతో రాసే టోటల్ కాంపెన్సేషన్ అనేది నాలుగు ముక్కల కూడిక, బేస్, బోనస్, జాయినింగ్ బోనస్, షేర్లు. నెల తిరిగేసరికి ఖచ్చితంగా అకౌంట్‌లో పడేది బేస్ ఒక్కటే. బోనస్ పక్కన 'టార్గెట్' అని ఉంటుంది చూడండి, ఆ మాటకి అర్థం కంపెనీకీ మీకూ ఇద్దరికీ ఏడాది బాగా నడిస్తే అంత ఇస్తామని. జాయినింగ్ బోనస్ ఒక్కసారే, పైగా ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలని చాలా చోట్ల షరతు ఉంటుంది. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, మొదటి ఏడాది అంకెని పక్కన పడేసి రెండో ఏడాది ఎంతొస్తుందో వేసుకోండి, వీలైతే అయిదో ఏడాదిది కూడా.

అయిదో ఏడాది ఎందుకంటే షేర్ల వల్ల. షేర్ మార్కెట్‌లో ఉన్న పబ్లిక్ కంపెనీలు ఇచ్చే ఆర్‌ఎస్‌యూలు (ఉద్యోగికి జీతంలో భాగంగా ఇచ్చే షేర్లు) మామూలుగా నాలుగేళ్లలో వెస్ట్ అవుతాయి, అంటే విడతలుగా చేతికొస్తాయి, చాలా చోట్ల మొదటి ఏడాది నిండేదాకా ఒక్కటీ చేతికి రాదు, దాన్నే క్లిఫ్ అంటారు. నాలుగేళ్లూ సమానంగా వస్తాయని కూడా లేదు. అమెజాన్ చాలా ఏళ్లపాటు వాడిన పద్ధతిలో మొదటి ఏడాది 5 శాతం, రెండో ఏడాది 15, తర్వాత రెండేళ్లూ నలభయ్యేసి, ముందు రెండేళ్ల లోటుని జాయినింగ్ క్యాష్‌తో పూడ్చేవాళ్లు. అంటే రెండేళ్లకి విసిగి మానేసినవాడికి గ్రాంట్‌లో (చేరేటప్పుడు ఇస్తామన్న షేర్లలో) అయిదో వంతే దక్కుతుంది. సరే, నాలుగేళ్లూ ఉన్నాడనుకుందాం. బేస్ 100, జాయినింగ్ గ్రాంట్ ఏడాదికి 40 చొప్పున వస్తోంది, ప్రతి ఏడాది చివర్లో కొత్తగా 8 విలువ చేసే రీఫ్రెషర్ (అదనపు షేర్లు) ఇస్తున్నారు, అది కూడా నాలుగేళ్లలో రెండేసి చొప్పున వస్తుంది. నాలుగో ఏడాదికి అన్నీ కలిపి 146. అయిదో ఏడాది ఆ 40 అయిపోతుంది, మిగిలేది 108. ఎవరూ జీతం కొయ్యలేదు, రేటింగ్ కూడా బాగానే వచ్చింది, అయినా నాలుగో వంతు పోయింది. చేరే రోజే రీఫ్రెషర్లు ఎంత ఇస్తారో అడిగి ఉంటే ఇది ముందే తెలిసేది. పాపం ఆ ప్రశ్న అడిగేవాళ్లని నేను పెద్దగా చూళ్లేదు.

షేరు ధర సంగతి 2022 చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. 2021 సెప్టెంబర్ నుంచి 2022 నవంబర్ లోపు మెటా షేరు నాలుగింట మూడొంతులకి పైనే పడిపోయింది, ఆ పై రేటు దగ్గర ఆఫర్ లెక్కేసుకుని చేరినవాళ్ల గ్రాంట్ కూడా అంతే పడింది. తర్వాత మళ్లీ లేచిందనుకోండి. కానీ ఆ నవంబర్‌లోనే 11,000 మందిని తీసేశారు, వాళ్లకి ఇంకా వెస్ట్ కాని షేర్లు ఏ రేటుకి లేస్తే ఏంటి.

స్టార్టప్ ఆప్షన్లు ఇంకో లోకం. ఆప్షన్ అంటే షేరు చేతిలో పెట్టడం అనుకుంటారు చాలామంది, ఫలానా ధరకి కొనుక్కునే హక్కు అంతే. కంపెనీ వదిలేశాక ఆ హక్కు వాడుకోడానికి చాలా కంపెనీలు ఇచ్చే గడువు 90 రోజులు, ఆ లోపు సొంత డబ్బు పెట్టి కొనాలి, కొన్నాక అమ్ముకోడానికి మార్కెట్ ఉండదు. పైగా కంపెనీ అమ్ముడైతే ముందు ఇన్వెస్టర్లు వాళ్లు పెట్టింది తీసుకునే షరతు మామూలుగా ఉంటుంది. 50 పెట్టిన కంపెనీ 60కి అమ్ముడైందనుకోండి, ఆ 50 వాళ్లకి పోగా మిగిలిన 10లో ఫౌండర్లూ మీరూ అందరూ. పేపర్లో 'కంపెనీ లాభానికి అమ్ముడైంది' అని వస్తుంది, మీకు వచ్చేది లాప్‌టాప్ బ్యాగ్ కొనుక్కునేంత. మొత్తం షేర్లెన్ని, అందులో నావి ఎంత శాతం అని అడిగితే చెప్పని కంపెనీ ఆప్షన్లకి నేను షీట్‌లో సున్నా వేస్తా. వస్తే వచ్చినట్టు.

ఇక్కడ ఇంకో మాట. జీతం ఎంత ఇవ్వాలనేది మన పనితనం చూసి నిర్ణయిస్తారని మనకో నమ్మకం. సిలికాన్ వ్యాలీలో యాపిల్, గూగుల్, ఇంటెల్, అడోబ్ లాంటి పెద్ద కంపెనీలు ఒకళ్ల ఉద్యోగులకి ఒకళ్లు ఉద్యోగం ఇస్తామని ఫోన్ చెయ్యకూడదని లోపల లోపల ఒప్పందాలు చేసుకున్నాయి, 2010లో అమెరికా న్యాయశాఖ పట్టుకుంది, తర్వాత ఇంజనీర్లు వేసిన కేసులో ఈ నలుగురూ 2015లో 41.5 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు. వాళ్లు ఆపాలనుకున్నది కేవలం ఫోన్ కాల్స్‌ని. ఎందుకంటే మీ జీతం పెరిగేది ఆ కాల్ వల్లే అని వాళ్లకి మనకంటే బాగా తెలుసు.

లెక్క కూడా అదే చెప్తుంది. 100తో మొదలుపెట్టి ఒకడు ఒకే చోట ఏడాదికి 4 శాతం హైక్‌తో ఆరేళ్లుంటే 127 దగ్గరుంటాడు. ఇంకొకడు అదే 4 శాతంతో ఉంటూ, మూడో ఏటా ఆరో ఏటా మారి పాతిక శాతం చొప్పున తెచ్చుకుంటే 183. ఇది చూసి ప్రతి మూడేళ్లకీ మారిపోవడమే అనేవాళ్లున్నారు, తప్పనను, కానీ ఆ పాతిక శాతం రెండోసారి కూడా ఎవరైనా ఇవ్వాలంటే మధ్యలో మూడేళ్లలో మీరు ఏదో నేర్చుకుని ఉండాలి కదా. అది ఈ లెక్కలో కనపడదు. ఇకపోతే ఉన్న చోట కూడా అడిగితే గానీ అమ్మైనా పెట్టదన్నారు, ఆఫర్ వచ్చాక 'ఇంకొంచెం పెంచగలరా' అని మర్యాదగా అడిగినంత మాత్రాన ఆఫర్ వెనక్కి తీసుకునేవాళ్లు అరుదు, తీసుకుంటే అదే మీకు వాళ్ల కల్చర్ గురించి ఫ్రీగా దొరికిన సమాచారం.

కల్చర్ జీతాన్ని తింటుందన్నాను కదా. ఒక చోట 100 ఇస్తారు, వారానికి 40 గంటల పని. ఇంకో చోట 130, కానీ ఆన్‌కాల్ పేజర్లూ (సిస్టమ్ పడితే ఏ వేళైనా లేపే అలర్ట్‌లు), రాత్రి తొమ్మిదింటి సింక్ కాల్సూ, శనివారం రిలీజులూ కలిపి 58 గంటలు. మొదటి చోట గంటకి 2.5 పడితే రెండో చోట 2.24. 30 శాతం హైక్ అని పార్టీ ఇచ్చినవాడు నిజానికి గంటకి పదిశాతం తక్కువకి చేరాడు. గంటలు ఎన్నో ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పరు, 'వర్క్ లైఫ్ బ్యాలెన్స్ ఎలా ఉంటుందండీ' అని అడిగితే బాగుంటుందనే అంటారు. ఆన్‌కాల్ రొటేషన్‌లో ఎంతమంది ఉన్నారు, పోయిన వారం ఎన్ని పేజ్‌లొచ్చాయి, అందులో అర్ధరాత్రివి ఎన్ని అని అడగండి. గూగుల్‌లో ఎస్‌ఆర్‌ఈ టీమ్‌లు (సర్వీసులు పడిపోకుండా చూసుకునేవాళ్లు) 12 గంటల షిఫ్ట్‌కి రెండు ఇన్సిడెంట్లు మించకూడదని పెట్టుకున్నాయి, ఒక్కోదాన్నీ సరిగ్గా చూసి, కారణం పట్టుకుని, రాసుకోడానికే అంత టైమ్ పడుతుందని. షిఫ్ట్‌కి పది వస్తున్నాయంటే ఎవరూ ఏదీ ఫిక్స్ చెయ్యట్లేదు, రీస్టార్ట్ కొట్టి పడుకుంటున్నారని అర్థం.

అసలు కల్చర్ అంటే ఏంటో నాకు తెలిసొచ్చింది రెండు డేటాబేస్ ప్రమాదాల వల్ల, ఒకటి చదివింది, ఒకటి నాది.

చదివింది గిట్‌ల్యాబ్‌ది, ప్రోగ్రామర్లు తమ కోడ్ పెట్టుకునే సైట్ అది. 2017 జనవరి 31 రాత్రి వాళ్ల ఇంజనీర్ ఒకతను సెకండరీ డేటాబేస్ (అసలు దానికి నకలు) రెప్లికేషన్ బాగుచేస్తూ అక్కడి ఖాళీ డైరెక్టరీని తీసేద్దామని డిలీట్ కమాండ్ కొట్టాడు. కొట్టింది ప్రైమరీ, అంటే అసలు డేటాబేస్ మీద. ఒకట్రెండు సెకన్లలోనే తెలుసుకుని ఆపాడు, అప్పటికే సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ తెద్దామంటే ఒక్కటీ సరిగ్గా లేదు. రోజూ తియ్యాల్సిన డంప్ పోస్ట్‌గ్రెస్ (వాళ్ల డేటాబేస్ సాఫ్ట్‌వేర్) వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతూ వస్తోంది, ఫెయిలైందని చెప్పే మెయిల్స్ ఏమో రిసీవ్ చేసుకునే సర్వరే తిప్పి కొడుతోంది, కాబట్టి ఎవరికీ తెలీదు. చివరికి ఆరు గంటల ముందు ఇంకేదో పనికోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికితే దాంతో లేపారు. ఆ ఆరు గంటల డేటా పోయింది, అయిదు వేల ప్రాజెక్టులూ, అయిదు వేల కామెంట్లూ, ఏడొందల కొత్త అకౌంట్లూ, సుమారుగా.

వాళ్లు తర్వాత చేసింది చూడండి. రికవరీని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాసి అందరికీ కనపడేలా పెట్టారు, ఆ రిపోర్ట్‌లో అతని పేరు బదులు 'టీమ్ మెంబర్ 1' అని ఉంటుంది. రిపోర్ట్ అంతా వెతికింది ఒకటే, ఒక మనిషి పొరపాటున ఒక కమాండ్ కొడితే కంపెనీ మొత్తం ఎందుకు కూలాలి, మెయిల్ రాలేదని ఎందుకు ఎవరికీ అనుమానం రాలేదు అని. అతన్ని ఉద్యోగం లోంచి తియ్యలేదు. బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అని అందరూ స్లైడ్స్‌లో రాసుకునేది ఇదే.

నాది చిన్న ప్రమాదం. పేరు చెప్పను, ఒక కంపెనీలో చేరిన నాలుగో నెలలో నేను రాసిన మైగ్రేషన్ స్క్రిప్ట్ (డేటాబేస్ టేబుళ్లని మార్చే కోడ్) ఒక పెద్ద టేబుల్‌ని లాక్ చేసింది, నలభై నిమిషాలు ఆర్డర్లు ఆగాయి. మర్నాడు పొద్దున ఇరవై మందిని సీసీలో పెట్టి మెయిల్ వచ్చింది, రూట్ కాజ్ అనే గడిలో నా పేరు. ఆ స్క్రిప్ట్ ఇద్దరు రివ్యూ చేశారు, స్టేజింగ్‌లో (పరీక్షకి వాడే కాపీలో) ఆ టేబుల్‌లో రెండొందల వరసలు ఉంటే ప్రొడక్షన్‌లో (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో) కోట్లలో ఉన్నాయి, ఆ సంగతి మెయిల్‌లో లేదు. సరే తప్పు నాదే అనుకున్నా. కానీ తర్వాత ఏం జరిగిందంటే ఆ మెయిల్ చూసిన ఇరవై మందీ డేటాబేస్ ముట్టుకోవడం మానేశారు. ఎవరైనా కాలమ్ కలపాలంటే అప్రూవల్స్ మూడు, రిలీజులు వారానికొకటి ఉండేవి నెలకొకటి అయ్యాయి, కొత్తగా ఏదైనా చేద్దామంటే 'ఎందుకులే బ్రో రిస్కు' అనేవాళ్లు. నేను కూడా అన్నాను. తర్వాతి పది నెలల్లో నేను రాసినదాంట్లో చెప్పుకోదగ్గది ఏముందా అని రెజ్యూమె కోసం వెతికితే కాన్ఫిగ్ మార్పులూ, లాగ్ లైన్లూ. జీతం మాత్రం నెల నెలా సరిగ్గా పడింది. కల్చర్ గడిలో పడ్డ దెబ్బ గ్రోత్ గడిలో తేలిందన్నమాట, షీట్‌లో అవి రెండూ వేరే వేరే కాలమ్‌లు.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసర్ 1990ల్లో హాస్పిటల్ నర్సింగ్ టీమ్‌ల మీద స్టడీ చేస్తే మంచి టీమ్‌లలోనే తప్పులు ఎక్కువ నమోదైనట్టు కనపడింది. తీరా చూస్తే ఆ టీమ్‌లు తప్పుని దాచుకోకుండా చెప్పుకుంటున్నాయి, అంతే తేడా. మనకీ ఇది పనికొస్తుంది. 'మా దగ్గర ఏడాదిగా ప్రొడక్షన్ ఇష్యూలే లేవండీ' అని మేనేజర్ గర్వంగా చెప్తే నాకు భయమేస్తుంది.

కల్చర్‌లో రూల్స్ పాత్ర కూడా తక్కువేం కాదు, మనుషులు మంచోళ్లా కాదా అనే దగ్గరే ఆగిపోతాం గానీ. మైక్రోసాఫ్ట్‌లో 2013 నవంబర్ దాకా స్టాక్ ర్యాంకింగ్ (షేర్లతో సంబంధం లేదు, ఉద్యోగుల్ని పైనుంచి కిందికి పేర్చడం) ఉండేది, టీమ్‌లో అందరూ బాగా చేసినా కొందరికి కింది ర్యాంకు పడాల్సిందే. అలాంటి చోట పక్కవాడికి సాయం చెయ్యడమంటే మన కొమ్మ మనమే నరుక్కోవడం. ఎంత మంచోణ్ణి తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టినా రెండేళ్లకి డాక్యుమెంటేషన్ రాయడం మానేస్తాడు. కాబట్టి రేటింగ్‌లకి కోటా ఉందా, ఎవరు వేస్తారు, మేనేజర్ ఒక్కడేనా లేక క్యాలిబ్రేషన్‌లో పదిమంది కూర్చుని మారుస్తారా అనేది కనుక్కోవాలి.

ఇక గ్రోత్. ఈ ఒక్క మాట కింద మూడు వేరే వేరే సరుకులు అమ్ముతున్నారు. టైటిల్ పెరగడం ఒకటి, పని రావడం ఒకటి, బయట మార్కెట్‌లో మీ విలువ పెరగడం ఒకటి. మూడూ కలిసి పెరిగితే అదృష్టం. టైటిల్ పెరిగి పని పెరగనివాళ్లు బోలెడుమంది, పదిమంది కంపెనీలో 'ప్రిన్సిపల్ ఆర్కిటెక్ట్' పెద్ద కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే రెండు లెవెల్స్ కిందికి దింపి ఆఫర్ ఇస్తారు. పని పెరిగి మార్కెట్ పెరగనివాళ్లూ ఉన్నారు, కంపెనీ లోపల సొంతంగా కట్టుకున్న ఫ్రేమ్‌వర్క్‌లో ఆరేళ్లు ఆరితేరి, బయటికొస్తే ఆ పేరు విన్నవాడే ఉండడు. లోపల హీరో, గేటు దాటితే ఫ్రెషర్‌కి రెండు మెట్లు పైన.

పని ఎలా వస్తుందో ఒక ముక్క దగ్గర్నుంచి చూపిస్తా. తర్వాత మారిన చోట నేను ఒక పేమెంట్ సర్వీస్‌కి కాల్ ఫెయిలైతే మూడుసార్లు మళ్లీ ప్రయత్నించే కోడ్ రాశా, రెండేసి సెకన్లు ఆగి. పన్నెండు లైన్లు. రివ్యూ చేసిన సీనియర్ ఆవిడ ఒకటే రాసింది, "ఆ సర్వీస్ ఒక నిమిషం పడిపోయి లేచిందనుకో, మన నాలుగొందల సర్వర్లూ ఒకే క్షణంలో మళ్లీ కొడతాయి కదా, అది లేస్తుందా?" లేవదు. కూర్చుని ఆలోచిస్తే ఆగే టైమ్ ప్రతిసారీ రెట్టింపు చెయ్యాలి, దానికి కొంచెం రాండమ్ కలపాలి అని తేలింది, ఇంకో రెండు గంటలు చదివితే ఒకే పేమెంట్ రెండుసార్లు కొడితే డబ్బు రెండుసార్లు పోకుండా ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక కీ ఉండాలని తెలిసింది. పన్నెండు లైన్లు నలభై అయ్యాయి, ఆ ఒక్క కామెంట్ నాకు తర్వాత రెండు ఇంటర్వ్యూల్లో పనికొచ్చింది. ఆ పాత కంపెనీలో అయితే తొమ్మిదొందల లైన్ల పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పు చూసి ఒప్పుకోమని అడగడం) పెడితే రెండు నిమిషాల్లో బొటనవేలు ఎమోజీ వచ్చేది. అప్పుడు అదే హాయిగా ఉందనుకునేవాణ్ణి, ఒట్టు.

ప్రమోషన్ సంగతికొస్తే, పెద్ద కంపెనీల్లో లెవెల్స్ ఉంటాయి, ప్రతి లెవెల్‌కీ రాసిపెట్టిన అంచనాలుంటాయి. కింది మెట్లు మన కష్టంతో ఎక్కొచ్చు. సీనియర్ దాటాక అడిగేది స్కోప్, అంటే మీ పని ఎన్ని టీమ్‌లని తాకింది అని, ఆ స్కోప్ అక్కడ ఉండాలి కదా ఎక్కడానికి. పెరగని ప్రాడక్ట్‌లో అయిదుగురు సీనియర్లున్న టీమ్‌లో ఆరోవాడిగా చేరితే ఎంత మంచి మేనేజరైనా స్టాఫ్ ఇంజనీర్ (సీనియర్ పై మెట్టు) పనిని ఎక్కణ్ణుంచి తెస్తాడు, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. మా వాడు అన్నట్టు స్టార్టప్‌లో గ్రోత్ ఉంటుంది అనేది సగం నిజం, స్టార్టప్ పెరుగుతుంటే ఉంటుంది, పని పదిమందికి సరిపడా ఉండి మనుషులు నలుగురే ఉంటారు కాబట్టి. పెరగని స్టార్టప్‌లో ఉండేది గానుగెద్దు తిరుగుడు, ప్రతి నెలా కొత్త ఐడియా, ప్రతి ఐడియాకీ సగం కట్టిన ఇల్లు. పాత కోడ్ అంటే గ్రోత్ లేదనేది కూడా తప్పే, రోజూ కోట్ల ట్రాన్సాక్షన్లు మోసే పాత సిస్టమ్‌ని ఆపకుండా ముక్కలు ముక్కలుగా మార్చినవాడికి ఉన్న గిరాకీ, కొత్తగా పది చిన్న యాప్‌లు రాసినవాడికి లేదు.

మరి లేటుగా తెలిసేవాటిని ముందే తెలుసుకోవడం ఎలా అంటే, అభిప్రాయాలు అడగడం మానేసి జరిగినవి అడగాలి. 'మీ కల్చర్ ఎలా ఉంటుంది' అంటే అందరి దగ్గరా ఒకటే టేప్ ఉంటుంది. పోయినసారి ప్రొడక్షన్ పడిపోయినప్పుడు మర్నాడు ఏం చేశారు అనండి. ఈ టీమ్‌లో చివరగా ప్రమోట్ అయింది ఎవరు, ఏం కట్టినందుకు, ఎన్నాళ్లు పట్టింది అనండి. చివరగా మానేసినవాళ్లు ఎందుకు మానేశారు, ఒక చిన్న మార్పు రాసిన రోజు నుంచి ప్రొడక్షన్‌కి వెళ్లేదాకా ఎన్ని రోజులు, మధ్యలో ఎవరెవరు చూస్తారు. జవాబులో వివరం ఉందా లేదా చూడండి, 'అలాంటివేం లేవండీ అంతా స్మూత్' అన్నారంటే చెప్పకూడదని అనుకున్నారు, లేదా ఆ మేనేజర్‌కే తెలీదు. ఇవన్నీ హెచ్‌ఆర్‌ని అడిగి లాభం లేదు, మీరు రోజూ పనిచెయ్యబోయే మేనేజర్‌నీ, వీలైతే అదే టీమ్‌లో మీ లెవెల్‌లో ఉన్న ఇంజనీర్‌నీ అడగాలి, ఆఫర్ వచ్చాక ఇరవై నిమిషాలు మాట్లాడతాను అంటే చాలామంది ఒప్పుకుంటారు. కంపెనీ రివ్యూ సైట్ల రేటింగ్‌లు నేను చూస్తాను గానీ నమ్మను, ఇరవై వేల మంది కంపెనీకి ఒక కల్చర్ అంటూ ఉండదు, పక్క పక్క ఫ్లోర్లలో స్వర్గమూ నరకమూ ఉంటాయి.

దేనికి ఎంత వెయిటేజ్ అనేది మాత్రం అప్పుల మీదా, ఇంటి పరిస్థితి మీదా ఆధారపడింది, దానికి నేనెవర్ని చెప్పడానికి. నెల నెలా ఈఎంఐకి చాలకపోతే కల్చర్ గురించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి నేనైతే తిడతా. నా సొంత పద్ధతి ఏంటంటే జీతానికి ఒక గీత గీస్తా, ఇంతకి తగ్గితే వద్దు అని. గీత దాటిన ఆఫర్లలో ఎవరిది ఎక్కువ అనేదాన్ని మొదటి ఆరేడేళ్లు పెద్దగా పట్టించుకోలేదు, ఎవరి కింద కూర్చుంటున్నానో చూశా, పిల్లలు పుట్టాక గంటలు చూడ్డం మొదలుపెట్టా. లేఆఫ్‌లు వచ్చినప్పుడు కూడా (గూగుల్ 2023 జనవరిలో 12,000 మందిని తీసింది, అందులో మంచి రేటింగ్ ఉన్నవాళ్లూ ఉన్నారు) చేతిలో మిగిలేది బయట చెప్పుకోగలిగిన పనీ, ఆర్నెల్ల ఖర్చులకి దాచుకున్న డబ్బూ, ఫోన్ చేస్తే ఎత్తే పాత కొలీగ్సూ. ఈ మూడూ జీతం, గ్రోత్, కల్చర్ కాలమ్‌ల నుంచి తలా ఒకటి వచ్చినవే, చూడండి కావాలంటే.

మా వాడికి ఇదంతా చెప్పలేదు, అర్ధరాత్రి అయిపోయింది. ఆ రెండు ప్రశ్నలు అడగమన్నా, ప్రొడక్షన్ పడినప్పుడు ఏం చేశారు, చివరగా ప్రమోట్ అయింది ఎవరు అని, రెండు కంపెనీల మేనేజర్లనీ. నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. తను 8 వేసిన స్టార్టప్ మేనేజర్ ప్రమోషన్ ప్రశ్నకి "మేం టైటిల్స్ నమ్మం" అన్నాడట, కంపెనీ పెట్టి అయిదేళ్లయింది. 6 వేసిన కంపెనీ మేనేజరేమో ప్రొడక్షన్ సంగతి అడగ్గానే నవ్వి, పోయిన నెల సైట్ సెక్యూరిటీ సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయి రెండు గంటలు సైట్ పడిపోయిందని, దాని రిమైండరేమో ఉద్యోగం మానేసి వెళ్లిపోయినతని మెయిల్‌కి వెళ్తోందని, ఇప్పుడు దాన్ని టీమ్ అలర్ట్స్‌లోకి మార్చారని, ఆ మార్పు చేసింది చేరి ఎనిమిది నెలలైన అమ్మాయని మొత్తం చెప్పాడట. "అన్నా, మార్కులు మార్చాలేమో" అన్నాడు. మారిస్తే ఎంతొచ్చిందిరా అంటే ఇంకా వెయ్యలేదు, ముందు ఆ అమ్మాయితో ఒకసారి మాట్లాడొచ్చా అని మేనేజర్‌కి మెయిల్ పెట్టాడట, గురువారం నాలుగింటికి టైమ్ ఇచ్చారు.